టీ-స్కోరు మైనస్ 1.9 ఉంటే వెన్నుపూస ఎలా నలిగింది?

వేళచ్చేరి_కోడలు
మా అత్తగారికి 67. పోయిన వారం 20 లీటర్ల వాటర్ క్యాన్ వంగి జరుపుతుంటే నడుంలో కలుక్కుమంది, ఎక్స్‌రే తీస్తే ఎల్1 పూస (నడుంలో మొదటిది) ముందువైపు నలిగిందన్నారు. తీరా ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నడుం టీ-స్కోరు (వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో పోలిక) మైనస్ 1.9. మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కదా, మరి పడకుండానే ఎలా విరిగింది? ఒకటే టెన్షన్‌గా ఉంది.

అడయార్_ఫిజియో
స్కాన్ తప్పని కాదండీ. ఎముకలో ఖనిజం ఎంతుందో డెక్సా చెబుతుంది, లోపల అది ఎలా అమరి ఉందో చెప్పదు. వెన్నుపూసకి బయటి పెంకు చాలా పలచన, లోపలంతా స్పాంజిలాంటి ఎముక, అందులో బరువు మోసే నిలువు పోగులు, వాటిని పట్టి ఉంచే అడ్డ పోగులు. వయసుతో, ఆడవాళ్లకి మెనోపాజ్ తర్వాత మరీనూ, ముందు పోయేది ఈ అడ్డ పోగులే. శ్లాబు కింద సెంట్రింగ్ కర్రలకి కట్టిన అడ్డకర్రలు ఊడదీస్తే ఏమవుతుంది? నిలువు కర్ర లావు తగ్గలేదు, అయినా వంగిపోతుంది. ఆసరా లేని పొడవు రెట్టింపయితే మోయగలిగే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే ఖనిజం కొంచెం తగ్గినా బలం చాలా పోతుంది. వంగి బరువు లాగితే భారం పూస ముందుభాగం మీదే పడుతుంది. పైగా పక్కటెముకల ఊతం ఉన్న వెన్ను ముగిసి బాగా కదిలే నడుం మొదలయ్యేది టీ12 (ఛాతీ వెన్నులో చివరి పూస), ఎల్1 దగ్గరే, ఎక్కువగా నలిగేవీ అవే.

తాంబరం_రేడియో
ఎల్1ని కూడా లెక్కలో కలిపారేమో చూడండి. నలిగిన పూస చిక్కగా కనిపించి స్కోరు పెంచేస్తుంది, దాన్ని వదిలేసి లెక్కకట్టాలి. పూసల అంచున పెరిగిన ఎముక ముళ్లు, బృహద్ధమనిలో పేరుకున్న కాల్షియం కూడా అంతే. తుంటి స్కోరెంత?

వేళచ్చేరి_కోడలు
తుంటి మైనస్ 2.3. ఎల్1 కలిపే ఉంది! ఆస్తమాకి చాలా ఏళ్లు స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడారు.

అడయార్_ఫిజియో
స్టెరాయిడ్ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, అది ఆ స్పాంజి ఎముకనే ముందు దెబ్బతీస్తుంది. మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) లాంటి వేరే కారణం లేదని తేలితే, పడకుండా పూస నలిగినవాళ్లని స్కోరు ఎంతున్నా ఆస్టియోపొరోసిస్ కిందే చూస్తారు. ఒకటి నలిగాక ఇంకోటి నలిగే ప్రమాదం బాగా ఎక్కువ, కాబట్టి కాల్షియం, విటమిన్ డితో సరిపెట్టకుండా జొలెడ్రోనిక్ ఆసిడ్, టెరిపారటైడ్ లాంటి ఎముక మందులు ఆవిడకి పనికొస్తాయా అని అడగండి. మొత్తం వెన్నుకి పక్కనుంచి ఒక ఎక్స్‌రే కూడా తీయించండి, నొప్పి తెలియకుండా నలిగిన పూసలు ఇంకా ఉంటే అందులో బయటపడతాయి.