స్కాట్లాండ్‌లో నాలుగు వందల మంది ఉండే ఊరు: చలికాలంలో బిడ్డ కాన్పుకు వెళ్ళి ఉండగలమా?

మర్రిగూడ పంతులు

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా బిడ్డ, అల్లుడు స్కాట్లాండ్ వాయవ్య తీరంలో, లాఖ్ కారన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో కాపురం ఉంటున్నారు. అల్లుడిది సాల్మన్ చేపల పెంపకంలో యంత్రాలు చూసుకునే ఉద్యోగం. ఊరి జనాభా నాలుగు వందలకు మించదట. మా దగ్గర ఒక తండాలోనే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. బిడ్డకు జనవరిలో కాన్పు. తొలి కాన్పు పుట్టింటివారు చేయాలి కనుక, బిడ్డ ఇక్కడికి రాలేని పరిస్థితిలో మేమే అక్కడికి పోవాలని, నవంబరులో బయలుదేరి ఏప్రిల్ దాకా ఉండాలని అనుకుంటున్నాము.

చలి గురించి నాకు అంత బెంగ లేదు. మా ఇంటామె భయమంతా మాట్లాడడానికి మనిషి దొరకని చోట అన్ని నెలలు ఎట్లా గడుస్తాయన్నదే. మా ప్రాంతపు బాయి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినందువల్ల ఆమెకు మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ దూరం నడవలేదు. అక్కడ తాగునీరు ఎట్లాంటిది, ఆసుపత్రి ఎంత దూరం, బియ్యం, పప్పులు దొరుకుతాయా అన్నది అక్కడ ఉన్నవారు ఎవరైనా వివరంగా చెప్పగలరు. ఇంకొక సంగతి కూడా నన్ను తొలుస్తున్నది. వీడియో కాల్‌లో బిడ్డ చూపించినప్పుడల్లా పచ్చని కొండలు, లోయలు కనిపిస్తాయి గానీ, వాటిలో పంట లేదు, మనిషి లేడు. అంత నీరు, అంత భూమి ఉన్నచోట జనం ఎందుకు లేరు?

కల్వకుర్తి ఆడబిడ్డ

పంతులు గారికి నమస్కారం. కల్వకుర్తి దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. మీ బిడ్డ ఉండే పాయకు మా ఊరు ఎక్కువ దూరం కాదు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

మీరు చలి గురించి అడగలేదు, అడగనవసరం లేదు కూడా. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని ప్రవాహం ఈ తీరాన్ని తాకుతుంది. అందుకే ఆ పాయ ఒడ్డునే ఉన్న ప్లాక్టన్ అనే ఊళ్ళో న్యూజిలాండ్ నుంచి తెచ్చి నాటిన తాటిజాతి పోలికల చెట్లు బయటే బతుకుతున్నాయి. కడలి ఒడ్డున మంచు పడినా ఎక్కువ రోజులు నిలవదు. ఇక్కడ మనిషిని అలసటకు గురిచేసేవి గాలి, వాన, చీకటి. డిసెంబరు చివర ఉదయం తొమ్మిది దాటితే గాని పొద్దు పొడవదు, మధ్యాహ్నం మూడున్నర దాటగానే కుంకుతుంది, మబ్బు పట్టిన రోజున ఆ ఆరున్నర గంటలు కూడా ఇంట్లో దీపం వేసుకునే ఉండాలి. అమ్మగారు తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేసే మనిషైతే, నాలుగు గంటల సేపు చీకట్లో ఏం చేయాలో తోచక మొదటి వారాలు ఇబ్బంది పడతారు. వాన పడుతున్నా సరే, పదకొండు, రెండు గంటల మధ్య కాసేపు బయట తిరగడం అలవాటు చేసుకోవాలి. గొడుగు తెచ్చుకోకండి, ఇక్కడి గాలికి మొదటి రోజే విరుగుతుంది. మోకాళ్ళదాకా వచ్చే రెయిన్‌కోటు, జారని బూట్లు కావాలి. చలికాలంలో అందరూ రోజుకు పది మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవడం గురించి ఆలోచించాలని, మనలాంటి చర్మపు రంగున్నవారు ఏడాది పొడవునా వేసుకోవడం మంచిదని ఇక్కడి ప్రభుత్వమే సలహా ఇస్తుంది.

నీటి గురించి నల్లగొండ మనిషి అడిగితే తేలికగా తీసుకోలేను. ప్రభుత్వ రంగంలోని స్కాటిష్ వాటర్ నల్లా ఉన్న ఇల్లయితే ఏ అనుమానమూ పెట్టుకోకండి. నీరు మెత్తగా ఉంటుంది, పైగా ఈ దేశంలో ఎక్కడా నల్లా నీటిలో ఫ్లోరైడ్ కలపరు. అయితే ఊరికి దూరంగా ఉన్న కొన్ని ఇళ్ళు కొండ వాగు నుంచి సొంతంగా పైపు వేసుకుంటాయి. పీట్ అనే కుళ్ళిన నాచుమట్టి మీదుగా పారి వచ్చే ఆ నీరు పలుచని టీ డికాక్షన్ రంగులో కనిపిస్తుంది. మీ అల్లుడి ఇల్లు అట్లాంటిదైతే వడపోత పరికరం, అతినీలలోహిత దీపం పనిచేస్తున్నాయో లేదో పసిబిడ్డ వచ్చేలోపల చూపించమనండి.

కాన్పు ఊళ్ళో జరగదు. ఈ ప్రాంతపు స్త్రీలు ఎక్కువమంది ఇన్వర్నెస్ నగరంలోని రేగ్‌మోర్ ఆసుపత్రికే వెళ్తారు. దారి బాగుంటే కారులో గంటన్నర, రెండు గంటలు. ఉత్తరాన విక్ పట్టణంలో వైద్యులతో నడిచే కాన్పుల విభాగాన్ని 2016లో మంత్రసానుల స్థాయికి కుదించాక, అక్కడి గర్భిణులలో చాలామంది నూరు మైళ్ళకు పైగా ప్రయాణించి ఇదే ఆసుపత్రికి వస్తున్నారు. జనవరిలో గాలివానలకు దారులు మూతపడతాయి కనుక, కాన్పు తేదీకి ముందు ఇన్వర్నెస్‌లో బస ఏర్పాటు చేసుకోవడం గురించి బిడ్డను ఇప్పుడే మంత్రసానితో మాట్లాడమనండి. పుట్టే బిడ్డకు బట్టలు, దుప్పటి, థర్మామీటరు వంటివన్నీ పెట్టిన ఒక పెట్టెను ప్రభుత్వం ఉచితంగా పంపుతుంది. 2017 నుంచి ఇక్కడ నివసించే ప్రతి శిశువుకూ ఇది అందుతోంది. కాబట్టి పొత్తిగుడ్డలతో సూట్‌కేసు నింపుకోనవసరం లేదు.

తిండికి లోటు ఉండదు గానీ ముందుచూపు కావాలి. ఊరి దుకాణంలో బాస్మతి, ఎర్ర పప్పు దొరకవచ్చు. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాము. మా ఈ కొండ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు; ఆ పిన్‌కోడు చూడగానే కొన్ని కొరియర్ సంస్థలు అదనపు రుసుము అడుగుతాయి. ఇక్కడి వాళ్ళందరికీ ఉన్న కోపం అది.

ఇక మనుషుల మాట. అమ్మగారి భయం నాకు అర్థమైంది, కానీ ఇక్కడ మనుషులు లేకపోవడం కాదు, వాళ్ళు అరుగు మీద కనిపించకపోవడమే అసలు తేడా. వాన వల్ల ఎవరూ బయట కూర్చోరు. మన దగ్గర వాకిట్లో నిలబడితే చాలు, పక్కింటివాళ్ళు పలకరిస్తారు; ఇక్కడ విలేజ్ హాల్‌కు మనమే వెళ్ళాలి. ఊరివాళ్ళు కమిటీగా ఏర్పడి, జీతం లేకుండా నడిపే ఆ హాల్‌లోనే పసిపిల్లల తల్లుల కూడిక, ముసలివాళ్ళ సూప్ భోజనం, కెయిలీ అనే సామూహిక నృత్యం, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట విందు, అన్నీ జరుగుతాయి. భాష రాకపోయినా ఫర్వాలేదు. అమ్మగారు ఒక పళ్ళెం సర్వపిండి చేసి తీసుకువెళ్తే చాలు. దాని పక్కన పల్లీలు ఉన్నాయని చీటీ రాసి పెట్టడం మాత్రం మరవకండి. పల్లీలు పడనివారి విషయంలో ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉంటారు.

సూర్యాపేట నుంచి ఫైఫ్

పై సోదరి చెప్పినవన్నీ పడమటి తీరానికి సరిపోతాయి. ఇది చదివేవారు స్కాట్లాండ్ పల్లె అంటే అంతా అదేనని అనుకోకూడదని రాస్తున్నాను. నేను ఉండేది తూర్పున, ఫైఫ్‌లోని చేపల రేవుల ప్రాంతంలో. ఇక్కడ బార్లీ, ఆలుగడ్డ పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి, గంటకొక బస్సు ఉంటుంది, ఎడిన్‌బరా పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఏడాదికి పడే వాన ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంటే దాదాపు మన నల్లగొండ లెక్కే. కాకపోతే మనకు నాలుగు నెలల్లో పడేది ఇక్కడ పన్నెండు నెలలూ తుంపరగా పడుతుంది. చలి మాత్రం తూర్పున, లోపలి కొండల్లో నిజంగా చలే. బ్రేమర్ అనే ఊళ్ళో 1895లో, మళ్ళీ 1982లో, సున్నాకు దిగువన 27.2 డిగ్రీలు నమోదైంది.

పంతులు గారికి నా సలహా ఒక్కటే, కరెంటు గురించి. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు ఈశాన్యంలోని కొన్ని పల్లెలకు వారం దాటినా కరెంటు రాలేదు. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందో లేదో, బ్యాటరీ దీపాలు, బాలింతకు వేడినీళ్ళు కాచడానికి చిన్న గ్యాస్ పొయ్యి ఉన్నాయో లేదో అల్లుడిని అడగండి. ప్రయాణ బీమా తప్పక తీసుకోండి. అరవై దాటినవారికి ఇక్కడ బస్సు ఉచితమే గానీ, అది ఇక్కడ నివసించేవారికి మాత్రమే.

పాలమూరు చరిత్ర లెక్చరర్

అంత భూమి ఉండీ జనం ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. ఆ కొండలన్నీ ఒకప్పుడు పంట పొలాలని అనుకోకూడదు. పీట్ నేలలో, అంత వానలో పంట పండేది లోయల అడుగున, ఒడ్డున ఉన్న కొద్ది మేరలోనే. కానీ ఆ లోయల్లో మనుషులు ఉండేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి పందొమ్మిదో శతాబ్దం నడిమి దాటేదాకా, కౌలు కన్నా గొర్రెల మీద ఎక్కువ ఆదాయం వస్తుందని లెక్కవేసిన భూస్వాములు తరాలుగా ఉన్న కౌలుదారులను ఖాళీ చేయించారు. సదర్లాండ్ ఎస్టేటులోని స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లో, 1819లో ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టి మరీ పంపించారు. 1814లో ఆ పని చేయించిన ఎస్టేటు అధికారి పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగితే నిర్దోషిగా బయటపడ్డాడు. కొందరిని తీరంలోని చిన్న చిన్న కమతాలకు తరలించారు, మరికొందరు కెనడా ఓడలెక్కారు. 1846లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకినప్పుడు మిగిలినవారిలో ఇంకొందరు పోయారు. మీ బిడ్డ చూపించే లోయల్లో ఎక్కడైనా పైకప్పు లేని రాతి గోడలు కనిపిస్తే, అవి అట్లాంటి ఇళ్ళవే కావచ్చు.

వలస అనగానే మనకు పాలమూరు కూలీ గుర్తుకు రావడం సహజమే గానీ, మనవాడు ముంబై పోయినా పండుగకు వచ్చి తలుపు తీయడానికి ఇక్కడ ఒక ఇల్లుండేది. వాళ్ళకు అది మిగలలేదు. ఆ మాటకొస్తే శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతపు ఊళ్ళవారికి వాళ్ళ బాధ మనకన్నా బాగా తెలుస్తుంది.

చట్టం ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు ఇచ్చిన భద్రత వంటిది అక్కడి చిన్న కమతాల వారికి 1886లో దొరికింది. అయితే యాజమాన్యం మాత్రం పెద్ద ఎస్టేట్ల చేతుల్లోనే ఉండిపోయింది. దానికి వాళ్ళు కనిపెట్టిన మార్గం నాకు చాలా ఆసక్తికరంగా తోస్తుంది. 1951లో మన పోచంపల్లిలో వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చారు; అక్కడ దానం మాట లేదు, ఊరివాళ్ళే చందాలు పోగుచేసి ఎస్టేటును కొన్నారు. 1993లో అసింట్ కమతదారులు, 1997లో ఐగ్ దీవివాసులు అట్లా కొన్నారు. 2003 భూసంస్కరణల చట్టం ఊరి సంఘాలకు అమ్మకానికి వచ్చిన భూమిని ముందుగా కొనే హక్కు కల్పించింది. ఐగ్‌లో కొనుగోలు నాటికి అరవై చిల్లర మంది ఉండేవారు, తరువాత నూరు దాటారు. 2008 నుంచి గాలి, నీరు, ఎండలతో సొంతంగా కరెంటు తయారు చేసుకుంటున్నారు. పట్టా చేతికి వచ్చాక మనుషులు తిరిగి వస్తారని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మర్రిగూడ పంతులు

ముగ్గురికీ కృతజ్ఞతలు. లెక్చరర్ గారి జవాబును మా ఇంటామెకు చదివి వినిపించాను. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళ కన్నా ఆ గోడలు చూడాలన్న పట్టింపు ఎక్కువైంది. రెండే సందేహాలు. బాలింత కోసం ఇంటి నెయ్యి రెండు కిలోలు తేవచ్చా? ఎస్టేటు భూములంటున్నారు కదా, ఆ కొండల మీద ఎవరినీ అడగకుండా నడవవచ్చా?

కల్వకుర్తి ఆడబిడ్డ

నెయ్యి తేకండి. పాలతో, మాంసంతో చేసినవి భారత్ నుంచి వ్యక్తిగత సామానులో తేవడం నిషిద్ధం, దొరికితే విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పాలకోవాకూ అదే గతి. ఇక్కడి వెన్న మంచిది, ఇంట్లోనే కాచుకోండి. కారం, పసుపు, సకినాలు తెచ్చుకోండి.

కొండల మీద నిశ్చింతగా నడవవచ్చు. లెక్చరర్ గారు చెప్పిన 2003 చట్టమే, భూమి ఎవరిదైనా సరే, బాధ్యతగా మసలుకుంటూ నడిచే హక్కును అందరికీ ఇచ్చింది. ఇంటి ఆవరణలోకి, పంట ఉన్న చేనులోకి పోకూడదు, తీసిన గేటు మళ్ళీ వేయాలి. ఆడ లేళ్ళ వేట ఫిబ్రవరి మధ్య దాకా సాగుతుంది కనుక కొండెక్కే ముందు బోర్డులు చదవండి. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే పొలాల జోలికి పోకండి. ఎండాకాలంలో మనుషులను పీక్కుతినే మిడ్జ్ అనే నుసుములు మీరు ఉన్నన్నాళ్ళు కనిపించవు, ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. ఏప్రిల్ వచ్చేసరికి గడ్డిలో పిడుదులు ఉంటాయి, అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు కాబట్టి నడిచి వచ్చాక కాళ్ళు పరీక్షించుకోండి.

ఖాళీ ఇళ్ళ గురించి ఒక మాట కలుపుతాను. పైకప్పు లేని గోడలే కాదు, పైకప్పు చక్కగా ఉండి చలికాలమంతా దీపం వెలగని ఇళ్ళు కూడా మీకు కనిపిస్తాయి. అవి నగరాలవారు సెలవుల కోసం కొనుక్కున్నవి. అట్లాంటి ఇళ్ళ మీద రెట్టింపు పన్ను వేసే అధికారాన్ని 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ళకు ఇచ్చారు. అయినా ఇక్కడ ఉద్యోగం దొరికిన కుర్రజంటకు అద్దె ఇల్లు దొరకడం ఇప్పటికీ కష్టమే. బడిలో పిల్లలు తగ్గితే బడి మూస్తారు, బడి మూస్తే ఉన్న కుటుంబాలూ కదులుతాయి. మీ మనుమడో మనుమరాలో పుడితే ఊరంతా ఎందుకు సంబరపడుతుందో వచ్చాక మీకే తెలుస్తుంది.

ఇన్వర్నెస్ నుంచి కైల్ ఆఫ్ లాఖాల్ష్ వైపు వెళ్ళే రైళ్ళు రోజుకు కొన్నే ఉంటాయి, పొద్దున బయలుదేరేదే ఎక్కండి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే పాయ వెంబడి దారంతా కనిపిస్తుంది. పొద్దు కుంకే వేళ బయలుదేరే రైలైతే నవంబరులో దారంతా చీకట్లోనే పోతుంది. కొన్ని చిన్న స్టేషన్లలో ముందుగా గార్డుకు చెబితేనే రైలు ఆగుతుంది, మీరు దిగేది అట్లాంటిదేమో అల్లుడిని అడిగి పెట్టుకోండి.