ఈఎంజీ ప్రయోగానికి జూనియర్లను కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న:
సీనియర్లందరికీ నమస్తే. మేం నలుగురం ఫైనల్ ఇయర్ ఈసీఈ. ముంజేతి కండరాల విద్యుత్ సిగ్నల్ (ఈఎంజీ) పట్టి కృత్రిమ చేతిని కదిలించే ప్రాజెక్టు మాది. మా చేతుల మీద బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు ఇరవై మంది దగ్గర రికార్డు చేయాలి. సెకండ్ ఇయర్ వాళ్లను ల్యాబ్ అవర్లోనే కూర్చోబెడదామనుకుంటున్నాం, గైడ్ గారు చెబితే ఎవరూ కాదనరు. సంతకాలు ఎలా తీసుకోవాలి? కరెంటు లైన్ నుంచి సిగ్నల్‌లోకి చేరే 50 హెర్ట్జ్ రొద (హమ్) కూడా వదలడం లేదు.

జవాబు 1:
తమ్ముడూ, "ఎవరూ కాదనరు" అన్నావు చూడు, అక్కడే ఆగు. కాదనలేనివాడు పెట్టే సంతకానికి విలువ లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు విద్యార్థులను కూడా ఒత్తిడికి లొంగిపోయే అవకాశం ఉన్నవాళ్లలోనే చేర్చాయి. నోటీసు బోర్డులో పెట్టండి, ఇష్టమున్నవాళ్లే మీ దగ్గరికి వస్తారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గైడ్ గారికి తెలియకూడదు. ల్యాబ్ అవర్లో అసలు వద్దు. 18 నిండనివాళ్లను పిలవకండి.

అన్నిటికంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, అంటే మనుషుల మీద చేసే ప్రయోగాలను ముందుగా పరిశీలించే కమిటీది. రికార్డింగు అయ్యాక అడిగితే ఇవ్వరు. కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, అధ్యక్షులు బయటి సంస్థవారై ఉండాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే, ఒప్పందం రాసుకుని వేరే సంస్థ కమిటీకి పంపించవచ్చు, మీ హెచ్‌ఓడీని అడగండి.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, మా బ్యాచ్‌లో ఒక జూనియర్ పిడికిలి బిగించి బిగించి చెయ్యి వణుకుతున్నా "పర్లేదన్నా" అంటూ కూర్చున్నాడు. చివర్లో ఎలక్ట్రోడ్ స్టిక్కర్ తీస్తే కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. మొదటి పది నిమిషాల నుంచీ దురద పెడుతోందట. మేం అడగలేదు, వాడు చెప్పలేదు. ఇప్పటికీ ఆ చెయ్యి నా కళ్లముందు ఉంటుంది. మీరు ప్రతి బిగింపు తర్వాత రెండు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, "ఎలా ఉంది, ఆపేద్దామా?" అని మీరే అడగండి. అలసిన కండరం సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీలవైపు జారుతుంది కాబట్టి డేటాకీ అదే మంచిది.

జవాబు 2:
హమ్ సంగతి నేను చెబుతాను, బయోమెడికల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రికార్డు చేసేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. రెండు పిన్నుల ఛార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద వేలు తేలిగ్గా రాస్తే జివ్వుమంటుంది కదా, ఆ లీకేజీయే యూఎస్‌బీ వైరు గుండా మీ బోర్డుకీ, అక్కణ్నుంచి స్పిరిట్‌తో తుడిచిన చర్మానికీ చేరుతుంది. బోర్డును బ్యాటరీ మీద నడిపి, డేటాను బ్లూటూత్‌లోనో యూఎస్‌బీ ఐసొలేటర్ (డేటాను పోనిచ్చి, రెండు వైపుల మధ్య కరెంటు దారిని తెంచే పరికరం) ద్వారానో తీసుకోండి. మనిషికి వైర్లు తగిలించి ఉండగా ప్లగ్గులో ఉన్న ఆసిలోస్కోప్‌ను (సిగ్నల్‌ను తెరమీద చూపే పరికరం) బోర్డుకు కలపకండి.

సాఫ్ట్‌వేర్లో నాచ్ ఫిల్టర్ (ఒక్క 50 హెర్ట్జ్ చుట్టూ ఉన్నదాన్ని కోసేసేది) పెడితే గ్రాఫ్ శుభ్రపడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది. పైగా కండరం సిగ్నల్‌లో ఎక్కువ బలం 50–150 హెర్ట్జ్ మధ్యే, దాన్నీ కొంత కోసేస్తారు. ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్లు, కండరం నిలువుకు అనుగుణంగా. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పోలిక కోసం పెట్టేది) మోచేతి ఎముక మీద. శాంప్లింగ్, అంటే సిగ్నల్‌ను కొలిచే సార్లు, సెకనుకు 1000కి తగ్గకూడదు.

అడిగిన విద్యార్థి:
ఛార్జర్ తీసేశాం మేడమ్, హమ్ చాలావరకు పోయింది! ఇంకో సందేహం. ఎవరైనా మధ్యలో లేచి వెళ్లిపోతే అప్పటిదాకా తీసిన డేటా వాడుకోవచ్చా?

జవాబు 1:
ఆ మాట, సంతకానికి ముందు వాళ్లకిచ్చే సమాచార పత్రంలో ముందే రాసి ఉండాలి, తమ్ముడూ. "మీరు వద్దంటే అప్పటిదాకా తీసినదీ చెరిపేస్తాం" అని రాయండి, రాసినట్టే చెయ్యండి. ఫైళ్లకు పేర్లు వద్దు, పి01, పి02 చాలు. ఏ కోడ్ ఎవరిదో తెలిపే కాగితం విడిగా బీరువాలో. సంతకమైన పత్రం ఒక ప్రతి వాళ్లకూ ఇవ్వాలి.

పత్రం తెలుగులోనూ ఉండాలి. "మీ చేతి మీద మూడు స్టిక్కర్లు అంటిస్తాం. మీ ఒంట్లోకి కరెంటు పంపం, మీ కండరం పుట్టించే సిగ్నల్‌నే చదువుతాం. దురద పెట్టవచ్చు, పెడితే వెంటనే తీసేస్తాం. ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు." ఈ ధోరణిలో.

అడిగిన విద్యార్థి:
రేపు రాసి పెడతానన్నా, ఒకసారి చూస్తారా?

జవాబు 1:
తప్పకుండా. ముందు మీ హాస్టల్ వంటమాస్టరు గారికి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి "అంటే ఏంటి బాబూ?" అంటే, ఆ వాక్యం మార్చి పెట్టు. కమిటీలో సామాన్యుల తరఫున కూర్చునే సభ్యులు అడిగేదీ అదే.