పారిశుధ్య కార్మికుల సమ్మెకు కాలనీవాళ్లం ఎలా అండగా ఉండాలి?

వేపచెట్టు వీధి:
మా మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చారు. ఊడ్చేవాళ్లు, పుష్‌కార్ట్‌లవాళ్లు, ఆటోలవాళ్లు కలిపి వంద మంది దాకా ఉంటారు, ఎక్కువమంది ఆడవాళ్లే. జీతం పెంపు, గ్లౌజులు, బూట్లు, వారాంతపు సెలవు అడుగుతున్నారు. మా కాలనీలో నలభై ఇళ్లవాళ్లం సాయం చేద్దామనుకుంటున్నాం. టెంటు దగ్గర ఫొటో దిగి వచ్చేయడం కాదు. చందా ఎలా ఇవ్వాలి? చట్టపరంగా మాకేమైనా చిక్కు ఉందా? ఇళ్లలో చెత్త ఏం చేయాలి? ఒకపూట భోజనం పెడితే ఎంత సరుకు పడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

నోటీసు బోర్డు:
ముందు యూనియన్ వాళ్లను నోటీసు కాపీ అడిగి తేదీలు చూడండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ (సమ్మెల నియమాలున్న కేంద్ర చట్టం) అమల్లో ఉంది. నోటీసు ఇచ్చాక 14 రోజులు గడవకుండా సమ్మెలోకి దిగకూడదు. ఇచ్చిన నోటీసు 60 రోజుల వరకే పనికొస్తుంది. సగం మంది, అంతకు మించి ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. "లీవులే కదా" అనుకుని దొరికిపోయేది ఇక్కడే.

అసలు మెలిక రాజీ చర్చల్లో ఉంది. కార్మిక శాఖ రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టిన రోజు నుంచి చర్చలు మొదలైనట్టు. అవి నడుస్తున్నన్నాళ్లూ, ముగిశాక మరో 7 రోజులూ సమ్మె చెల్లదు. సమ్మె నోటీసు ఉన్న కేసులో అధికారి 14 రోజుల్లో నివేదిక పంపాలి. కాబట్టి తేదీ ఖాయమయ్యేదాకా టెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి. దీనివల్ల కార్మికులకు ఒక మేలూ ఉంది: చర్చలు నడుస్తుండగా ఆ వివాదానికి సంబంధించిన పని షరతులను యాజమాన్యం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు.

మీకు చిక్కు ఎక్కడంటే, చట్టవిరుద్ధమైన సమ్మె అని తెలిసి దాన్ని నడపడానికి డబ్బిస్తే 10,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పాల్గొన్న కార్మికుడికి జరిమానా 1,000 నుంచి 10,000. అందుకే మైకుకూ బ్యానర్లకూ డబ్బు ఇవ్వడం కన్నా ఇళ్లకు సరుకులు ఇవ్వడమే మంచిదని నా సలహా. డబ్బే ఇవ్వాలంటే యూనియన్ పేరున్న బ్యాంకు ఖాతాకు వేసి రశీదు తీసుకోండి. ఎవరో ఒకరి ఫోన్‌పే నంబరుకు పంపితే పదో రోజుకల్లా "లెక్క ఏది?" అన్న గొడవ తయారు. ఆ గొడవకు సమ్మె చీలిపోతుంది.

ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) మాట వినగానే జారుకోకండి. 2023 డిసెంబర్ 12న మొదలైన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మె మీద 2024 జనవరిలో ఎస్మా పెట్టారు. అయినా 42 రోజులు నడిచి చర్చలతోనే ముగిసింది.

గరిటె:
వంద మందికి ఒకపూట లెక్క: బియ్యం 13 కిలోలు, సాంబారుకు కందిపప్పు 3 కిలోలు, పెరుగు 8 లీటర్లకు మూడింతల నీళ్లు కలిపి మజ్జిగ. తాగునీళ్లు 20 లీటర్ల క్యాన్లు పది. వేడివేడి సాంబారును డ్రమ్ములో పోసి మూత బిగిస్తే మధ్యాహ్నం రెండింటికల్లా పులిసిపోతుంది. మూత ఓరగా పెట్టి పంపండి, లేదంటే పులిహోర చేయండి, సాయంత్రం దాకా ఆగుతుంది.

భోజనం కన్నా ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది, ఎవరూ అడగరు: ఆడవాళ్లకు మరుగుదొడ్డి. అది లేక పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుంటారు. టెంటుకు దగ్గర్లో రెండు ఇళ్లవాళ్లు తలుపు తీస్తే చాలు, పది బస్తాల బియ్యం కన్నా ఎక్కువ.

సరుకుల్లో బియ్యం వద్దు, రేషన్ కార్డు మీద వస్తాయి. నలుగురున్న ఇంటికి పదిహేను రోజులకు కందిపప్పు 2 కిలోలు, నూనె 2 లీటర్లు, చింతపండు అరకిలో, ఉల్లిపాయలు 3 కిలోలు, కారం, ఉప్పు, టీపొడి, పంచదార, సబ్బులు సరిపోతాయి. సమ్మె విరిగేది ఆకలికి కాదు, వారం కిస్తీకి. డ్వాక్రా వాయిదా, ఇంటద్దె, ట్యూషన్ ఫీజు ఏ తేదీన కట్టాలో ముందే రాసుకోండి. మీలో ఇంటి ఓనర్లు ఉంటే అద్దె ఒక నెల ఆగండి.

ఇంకో సంగతి. ఈఎస్‌ఐ అంటే జీతంలోంచి చందా కట్టించుకునే కార్మికుల బీమా, జీతం లేని రోజులకు ఆ చందా పడదు. అందులో జబ్బు సెలవు డబ్బు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉండాలి. ప్రసూతికి అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు. గర్భిణులు ఉంటే వాళ్ల రోజులు సమ్మెకు ముందే లెక్కపెట్టించండి.

మూడో అంతస్తు:
అంతా బాగుంది. కానీ చెత్త పేరుకుంటే దోమలు, జ్వరాలు. నలభై ఇళ్లవాళ్లం డబ్బులు వేసుకుని ప్రైవేటు ట్రాక్టరు పిలిస్తే తప్పేంటి?

ఎండుటాకు:
తప్పేంటంటే, ఆ ట్రాక్టరు తిరిగినన్నాళ్లూ కమిషనర్ గారికి చర్చలకు పిలవాల్సిన తొందర ఉండదు. ఒకచేత్తో భోజనం పెట్టి రెండోచేత్తో పోటీకి మనుషుల్ని దింపినట్టు అవుతుంది. ఆసుపత్రి వీధి, తాగునీటి పని లాంటివి ఆపకూడదనుకుంటే, వాటికి మినహాయింపు ఇస్తున్నట్టు యూనియన్‌నే రాతపూర్వకంగా ప్రకటించమనండి. పత్రికల వాళ్లు మొదట అడిగేది దాని గురించే.

నలుగురున్న ఇంట్లో తడి చెత్త రోజుకు కిలో అటూఇటూ. 20 లీటర్ల పాత పెయింటు బకెట్లు రెండు తీసుకుని అడుగునా పక్కలా వేలెడు దూరానికో చిల్లు పెట్టండి. అడుగున కొబ్బరిపీచు వేయండి. ఒక చెంబు తడి చెత్తకు రెండు చెంబుల ఎండుటాకులు, చివర గుప్పెడు మట్టి. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, ఆకులు వేసి కలియబెట్టండి. పురుగు పడితే పైన మట్టి సరిపోలేదన్నమాట. ఎముకలు, చేప ముళ్లు అందులో వేయొద్దు, కుక్కలు బకెట్టు తిరగేస్తాయి. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి ఎర్రగుర్తు పెట్టి విడిగా ఉంచండి. పొడి చెత్త కడిగి ఆరబెట్టి గోనెసంచిలో వేస్తే నెలైనా వాసన రాదు. కాల్చకండి, కాలవలో వేయకండి.

సమ్మె ముగిసిన మర్నాడే పదిహేను రోజుల సంచులన్నీ గేటు ముందు పడేయకండి, రోజుకు కొన్ని ఇవ్వండి. ఎత్తాల్సింది వాళ్లేగా.

నోటీసు బోర్డు:
ముగింపు గురించి ఒక్కమాట. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె అక్టోబర్ 5 నుంచి 52 రోజులు నడిచింది. ఒప్పందమేమీ లేకుండానే విరమించారు. డ్యూటీకి వెళ్తే యాజమాన్యం చేర్చుకోలేదు, ప్రభుత్వం ఒప్పుకున్నాక నవంబర్ 29న గానీ ఎక్కలేకపోయారు. కాబట్టి చర్చల మినిట్స్‌లో (ఒప్పుకున్నవి రాసిన కాగితంలో) సంతకాలతో మూడు ఉండాలి: సమ్మె కాలపు జీతం సంగతి, కేసుల ఎత్తివేత, ఎవర్నీ తీసేయకపోవడం. కార్మికుల్ని పెట్టిన ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ సంతకం ఒక్కటే చాలదు, కమిషనర్‌దీ కావాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే మున్సిపాలిటీ, కట్టాల్సిందే గనుక ఆ సంతకం అవసరం పడుతుంది. మీ కాలనీ తరఫున ఇద్దరు ఆ మినిట్స్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.