45 మెయిల్‌బాక్సులు: పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ చేత్తో పెట్టాలా, డాకర్ కట్ట దించాలా?

కొత్తపోస్ట్‌మాన్
నమస్తే అండీ. ఆఫీసుకు 45 మెయిల్‌బాక్సులు కావాలి. డెబియన్ 13 లినక్స్ వేసిన వీపీఎస్ (అద్దె సర్వర్) ఉంది. 4 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్కు, ఒక ఐపీవీ4, దాంతోపాటు ఐపీవీ6 కూడా ఇచ్చారు. మెయిల్ పంపే, అందుకునే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూపించే డవ్‌కాట్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలా, లేక డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే డబ్బాల్లో నడిపేది) అన్నీ కలిపి ఇచ్చే కట్ట ఏదైనా దించుకోవాలా? కమాండ్ లైన్ అలవాటే, మెయిలే కొత్త. పాత డవ్‌కాట్ 2.3 కాన్ఫిగ్ ఒకటి దొరికింది, అది పనికొస్తుందా?

టెర్మినల్‌తాత
ముందు ఆఖరి ప్రశ్న. పనికిరాదు. డెబియన్ 13లో వచ్చేది డవ్‌కాట్ 2.4. పాత ఫైలు పెడితే సర్వీసు లేవదు. ఫైల్లో మొట్టమొదటి సెట్టింగుగా కాన్ఫిగ్ వెర్షన్ రాయాలి, దాని పక్కనే స్టోరేజ్ వెర్షన్. మెయిల్ లొకేషన్ అనే ఒక్క లైను ఇప్పుడు మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ అని రెండయింది. సర్టిఫికెట్ లైను పేరు మారింది, ఫైలు పేరు ముందు పెట్టే బాణం గుర్తు కూడా పోయింది. పర్సెంట్ డీ లాంటి పొట్టి గుర్తులు చెల్లవు, మీసాల బ్రాకెట్లలో పూర్తిగా రాయాలి.

ఇక అసలు సంగతి. చేత్తోనే పెట్టండి. ఆప్ట్‌తో పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఐమ్యాప్‌డీ (మెయిల్ చదవడానికి), డవ్‌కాట్ ఎల్‌ఎమ్‌టీపీడీ (పోస్ట్‌ఫిక్స్ నుంచి ఉత్తరాలు అందుకోవడానికి), ఆర్‌స్పామ్‌డీ (స్పామ్ వడపోత), దానికి రెడిస్ డేటాబేస్ వేయండి. ఇన్‌స్టాలర్ అడిగితే ఇంటర్నెట్ సైట్ ఎంచుకోండి. అది మీ డొమైన్‌ను పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల్లో మై డెస్టినేషన్‌లో (సర్వర్ సొంత యూజర్ల డొమైన్లు) పెట్టేస్తుంది. అక్కడినుంచి తీసేసి వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్‌లో పెట్టాలి. రెండు చోట్లా ఉంచితే లాగ్‌లో హెచ్చరిక వస్తుంది, వచ్చిన ఉత్తరాలేమో "యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్" అని వెనక్కి పోతాయి. కొత్తవాళ్లు మొదటి పూట మొత్తం పోగొట్టుకునేది ఇక్కడే.

లాగిన్ తనిఖీ డవ్‌కాట్ చేతికివ్వండి. డవ్‌కాట్ ఆథ్ సర్వీసులో సాకెట్ (రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే ఫైలు) దారి /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్/ప్రైవేట్/ఆథ్, అనుమతి 0660, యజమాని పోస్ట్‌ఫిక్స్. పోస్ట్‌ఫిక్స్ వైపు మాత్రం ఉత్త ప్రైవేట్/ఆథ్ అని రాయాలి, మొదట గీత ఉండకూడదు. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో (తన డైరెక్టరీలోనే బందీగా) ఉన్నా లేకపోయినా దొరుకుతుంది. తప్పితే మెయిల్ అందుకునే ఎస్‌ఎమ్‌టీపీడీ ప్రాసెస్ "నో ఎస్‌ఏఎస్‌ఎల్ ఆథెంటికేషన్ మెకానిజమ్స్" అని, అంటే లాగిన్ పద్ధతి ఏదీ దొరకలేదని, చచ్చిపోతుంది. ఉత్తరాలు డవ్‌కాట్‌కు అందించే వర్చువల్ ట్రాన్స్‌పోర్ట్‌కు కూడా ఇదే పద్ధతి, సాకెట్ పేరు డవ్‌కాట్ ఎల్‌ఎమ్‌టీపీ.

మొత్తం కలిపి పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ (మార్చిన సెట్టింగులు చూపే కమాండ్) కొడితే ముప్పై లైన్లు. కంఠతా పట్టొచ్చు.

డబ్బా_రాజు
తాతగారూ, చేత్తో ఎందుకు పెట్టకూడదో మీ పోస్టే చెప్తోంది. కొత్తవాడు ఇందులో ఒక్క గీత ఎక్కువ రాస్తే లాగిన్లన్నీ ఆగిపోతాయి. డాకర్ మెయిల్‌సర్వర్ అనే కట్టలో కంపోజ్ ఫైలు ఒకటి, ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఒకటి, ఖాతాకు ఒక కమాండ్. డీకిమ్ (ఉత్తరం మీద డొమైన్ సంతకం) తాళం కూడా ఒక్క కమాండే. 2.3 నుంచి 2.4 తలనొప్పి ఆ ప్రాజెక్టువాళ్లు పడతారు, మీరు కాదు.

మెయిల్‌కౌ అనే ఇంకో కట్ట మాత్రం మీ యంత్రానికి వద్దు. వాళ్ల డాక్యుమెంటే కనీసం 6 జీబీ ర్యామ్, 1 జీబీ స్వాప్ అంటుంది. అందులో పెద్ద తిండిపోతు క్లామ్‌ఏవీ యాంటీవైరస్. సిగ్నేచర్లకే జీబీ దాటుతుంది, వాటిని తిరగేసుకునేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో కూర్చుంటాయి. 4 జీబీ పెట్టెలో కెర్నల్ అప్పుడే ఎవరినో ఒకరిని చంపుతుంది.

అర్ధరాత్రి_ఆపరేటర్
చంపేది ఎప్పుడూ క్లామ్‌ఏవీని కాదు, పక్కన కూర్చున్న డేటాబేస్‌ని 🙂

టెర్మినల్‌తాత
రాజూ, ఐపీవీ6 ఉందన్నాడు చూశావా? కంటైనర్ నెట్‌వర్క్‌కు ఐపీవీ6 లేకుండా, హోస్ట్‌కు మాత్రం ఉంటే ఏమవుతుందో చెప్పు. బయటినుంచి ఐపీవీ6 మీద వచ్చినవాణ్ని డాకర్ ప్రాక్సీ పట్టుకుని లోపలికి ఐపీవీ4 మీద పంపుతుంది. పోస్ట్‌ఫిక్స్‌కు కనపడేది 172.18.0.1, అంటే గేట్‌వే. మై నెట్‌వర్క్స్‌లో (లాగిన్ లేకుండా పంపనిచ్చే చిరునామాల జాబితా) 172.16.0.0/12 ఉంటే ప్రపంచంలో ప్రతివాడూ ఇంటివాడే. ఓపెన్ రిలే, అంటే ఎవరి ఉత్తరమైనా ఎవరికైనా పంపేసేది. తెల్లారేసరికి క్యూలో లక్ష ఉత్తరాలు, ఐపీ బ్లాక్‌లిస్టులో.

డబ్బా_రాజు
డాకర్ మెయిల్‌సర్వర్‌లో పర్మిట్ డాకర్ అనే సెట్టింగు డిఫాల్ట్‌గా నన్ (ఎవరినీ నమ్మొద్దని). గేట్‌వే నుంచి వచ్చినా లాగిన్ అడుగుతుంది. ఎవరో దాన్ని నెట్‌వర్క్ అని మారిస్తే తప్పు డాకర్‌దా?

టెర్మినల్‌తాత
ఎందుకు మారుస్తారు? పక్క కంటైనర్లోని వెబ్‌సైటు మెయిల్ పంపలేకపోతే మారుస్తారు. సరే, మార్చలేదనుకుందాం. అందరూ 172.18.0.1గానే కనపడుతుంటే ఎస్‌పీఎఫ్ తనిఖీ (ఏ ఐపీ ఆ డొమైన్ పేరున పంపొచ్చో చూసేది) దేనిమీద చేస్తుంది? తప్పు లాగిన్లు చూసి ఐపీలను ఆపే ఫెయిల్2బ్యాన్ ఎవణ్ని నిషేధిస్తుంది? ఒక్క దొంగ పాస్‌వర్డులు ప్రయత్నిస్తే గేట్‌వేనే నిషేధిస్తుంది, ఐపీవీ6 మీద వచ్చేవాళ్లంతా బయటే.

డబ్బా_రాజు
కంపోజ్ ఫైల్లో ఎనేబుల్ ఐపీవీ6 అని ఒక్క లైను, దానికో సబ్‌నెట్. అదీ వద్దంటే డీఎన్‌ఎస్‌లో ఏఏఏఏ (ఐపీవీ6 చిరునామా) రికార్డు పెట్టకండి, ఆ దారిన ఎవరూ రారు. ఒక్క లైను సంగతికి ఇంత రాద్ధాంతమా?

టెర్మినల్‌తాత
ఏఏఏఏ లేకపోయినా పోర్టులు వెతికేవాళ్లు అంకెతోనే వస్తారు. బయటి యంత్రం నుంచి ఐపీవీ6 చిరునామాకు నేరుగా స్వాక్స్ (మెయిల్ పరీక్షించే కమాండ్) కొట్టి, వేరే డొమైన్‌కు పంపమనండి. 554, రిలే యాక్సెస్ డినైడ్ రావాలి. 250 (సరేనని) వచ్చిందా, తీగ పీకేయండి.

ఉత్తరాయణం
తాతగారూ, చిన్న సవరణ. డెబియన్ ఇచ్చే మెయిన్.సీఎఫ్‌లో (పోస్ట్‌ఫిక్స్ కాన్ఫిగ్ ఫైలు) రిలే నిబంధనల చివర ఉండేది డిఫర్ అన్‌ఆథ్ డెస్టినేషన్. కాబట్టి వచ్చేది 454 (తాత్కాలిక తిరస్కారం), 554 కాదు. చూసి కంగారుపడి మారుస్తారేమోనని చెప్తున్నా, రెండూ తిరస్కారమే.

టెర్మినల్‌తాత
ఒప్పుకున్నా. అయినా రిజెక్ట్ అని మార్చుకోవడమే మేలు. 454 చూసినవాడు మళ్లీ మళ్లీ వచ్చి తలుపు కొడుతూనే ఉంటాడు.

వీధిదీపం
ఇంత తిప్పలెందుకు, క్లౌడ్ మెయిల్ కొనుక్కోవచ్చుగా

అర్ధరాత్రి_ఆపరేటర్
^ ప్రతి థ్రెడ్‌లో ఒకరు

డబ్బా_రాజు
ఈ గ్రూపులో ఎవరు డాకర్ అన్నా తాతగారు ఇదే ఐపీవీ6 కథ తెస్తారు. చేత్తో పెట్టినవాళ్ల తప్పుల సంగతి కూడా చెప్పండి మరి. స్పామ్‌హౌస్ లిస్టును (స్పామ్ పంపే ఐపీల జాబితా) రిజెక్ట్ ఆర్‌బీఎల్ క్లయింట్‌లో ఉత్తినే రాసేసి, డీఎన్‌ఎస్ రిజాల్వర్‌గా గూగుల్ పబ్లిక్ 8.8.8.8 పెట్టుకునేవాళ్లు ఎంతమంది? పబ్లిక్ రిజాల్వర్ నుంచి అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అని జవాబిస్తుంది. అది "మీరు ఈ దారిన అడగకూడదు" అని చెప్పే కోడ్. పోస్ట్‌ఫిక్స్‌కు ఆ తేడా తెలీదు. ఏదో ఒక జవాబొచ్చింది కదా అని వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తిప్పికొడుతుంది. బ్యాంకు మెయిల్ కూడా.

సర్టిఫికెట్ సంగతి ఇంకొకటి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ 90 రోజులది. దాన్ని రెన్యూ చేసే సర్ట్‌బాట్ కొత్తది తెచ్చి పెడుతుంది, డవ్‌కాట్ మాత్రం రీలోడ్ చేసేదాకా పాతదే చూపిస్తుంది. తొంభయ్యో రోజున 45 ఫోన్లలోనూ ఎర్ర హెచ్చరిక.

టెర్మినల్‌తాత
మొదటిదానికి మందు: యంత్రంలోనే అన్‌బౌండ్ రిజాల్వర్ వేసుకో, లిస్టు పేరు పక్కన =127.0.0.[2..11] అని రాయి. రెండోదానికి: రెన్యూవల్ హుక్స్‌లో డిప్లాయ్ డైరెక్టరీలో రెండు లైన్ల స్క్రిప్టు. పోస్ట్‌ఫిక్స్‌కు అదీ అక్కర్లేదు, ఎస్‌ఎమ్‌టీపీడీ ప్రాసెస్‌లు వంద కనెక్షన్లకో, వంద సెకన్లు ఖాళీగా కూర్చుంటేనో పోయి కొత్తవి పుడతాయి, కొత్త సర్టిఫికెట్ చదువుకుంటాయి. ఇవి తెలియనివాడు మెయిల్ సర్వర్ జోలికి రాకూడదు. అంతే.

డబ్బా_రాజు
వచ్చింది బయటికి! డాకర్ కాదు మీ గొడవ. తెలియనివాడు రాకూడదు. ఆ మాట మొదటి పోస్టులోనే అనేస్తే ఇంత రాత తప్పేది. పాత మెయిల్ సర్వర్ సెండ్‌మెయిల్ రోజుల్లోనూ ఇదే మాట, దాని కాన్ఫిగ్ రాసే ఎం4 భాష రానివాడు రాకూడదని. 1998లో పోస్ట్‌ఫిక్స్ బయటికొచ్చాక దానికి అంత ఆదరణ దొరికింది ఎం4 అక్కర్లేకుండా చేసినందుకు కూడా కాదా?

టెర్మినల్‌తాత
అవును, అదే నా గొడవ. దాచడమెందుకు. మెయిల్ వెబ్‌సైటు లాంటిది కాదు బాబూ. వెబ్‌సైటు పడిపోతే నీకే నష్టం. మెయిల్ సర్వర్ తప్పుగా లేస్తే పక్కింటివాడికి నష్టం. పైగా కట్టలో మెయిన్.సీఎఫ్ నీది కాదు. నువ్వు మార్చింది కంటైనర్ మళ్లీ లేచినప్పుడు పోతుంది, వాళ్లు చెప్పిన ప్రత్యేక ఫైల్లో రాస్తేనే నిలుస్తుంది. లాగ్ చదవడం రానివాడు ఆ ప్రత్యేక ఫైల్లో ఏం రాస్తాడు?

డబ్బా_రాజు
నా గొడవా చెప్తాను. చేత్తో పెట్టినవాడు ఉద్యోగం మారితే, ఆ ముప్పై లైన్లు ఎందుకలా ఉన్నాయో వెనకొచ్చినవాడికి ఎవరు చెప్తారు? కంఠతా పట్టింది అతని కంఠంతోనే పోతుంది. కట్టకు కనీసం డాక్యుమెంటేషన్ ఉంది, అదే కట్ట వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 45 మంది మెయిల్ ఒక మనిషి జ్ఞాపకం మీద నడపడం నాకు నచ్చదు.

టెర్మినల్‌తాత
దానికి గిట్ ఉంది, మార్పుల చరిత్ర దాచేది. /ఈటీసీ (కాన్ఫిగ్ ఫైళ్లుండే చోటు) మొత్తాన్ని ఈటీసీకీపర్ పట్టి ఉంచుతుంది, కమిట్‌లో కారణం రాయాలి.

అర్ధరాత్రి_ఆపరేటర్
కమిట్ మెసేజ్: "ఫిక్స్". తర్వాతది: "ఫిక్స్ 2".

ఉత్తరాయణం
ఇద్దరి డబ్బాల్లోనూ ఉన్నది అదే పోస్ట్‌ఫిక్స్, అదే డవ్‌కాట్. అడిగినాయన్ను మాత్రం ఎవరూ అడగలేదు, అసలు ఆ వీపీఎస్ నుంచి 25 పోర్టు (సర్వర్ల మధ్య మెయిల్ నడిచే దారి) బయటికి పోతుందా అని. చాలామంది ప్రొవైడర్లు కొత్త యంత్రాలకు దాన్ని మూసే ఇస్తారు. సర్వర్ మీదినుంచి జీమెయిల్ ఎంఎక్స్‌కు (మెయిల్ అందుకునే సర్వర్) 25కి టెల్‌నెట్ కొట్టండి, 220తో పలకాలి.

పలికితే తర్వాత పీటీఆర్, ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు. అది మీ డీఎన్‌ఎస్ జోన్‌లో రాసేది కాదు, ప్రొవైడర్ ప్యానెల్‌లో పెట్టేది. పీటీఆర్ చెప్పే పేరు మళ్లీ అదే ఐపీకి తిరిగి రావాలి, పోస్ట్‌ఫిక్స్‌లో మై హోస్ట్‌నేమ్ కూడా అదే ఉంటే మంచిది. ఐపీవీ6కి పీటీఆర్ పెట్టకుండా ఆ దారిన జీమెయిల్‌కు పంపితే 550 5.7.25 కొట్టి పంపిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు ఎంత తక్కువ పంపేవాళ్లకైనా ఎస్‌పీఎఫో డీకిమో ఒకటి ఉండాలి, రోజుకు 5000 దాటితే రెండూ, డీమార్క్ (అవి తప్పితే ఏం చేయాలో చెప్పే నియమం) కూడా. మీకు అంత రాదు, అయినా మూడూ పెట్టేయండి. డీకిమ్ 2048 బిట్ల తాళం ఒక్క టెక్స్ట్ స్ట్రింగ్‌లో పట్టదు, ఒక్కో స్ట్రింగ్‌కు 255 అక్షరాలే. కోట్‌లు మూసి తెరిచి రెండు ముక్కలు చేయాలి, మధ్యలో కామా పెట్టకండి.

కొత్తపోస్ట్‌మాన్
అందరికీ థ్యాంక్స్ అండీ. టెల్‌నెట్ కొట్టాను. టైమవుట్. ప్రొవైడర్‌కు టికెట్ పెడితే 25 తెరవరట, బయట ఏదైనా రిలే వాడుకోమన్నారు. లోపలికి మాత్రం 25 వస్తోంది. ఇప్పుడు చేత్తో పెట్టినా డాకరైనా ఒకటేనా?

ఉత్తరాయణం
బయటికి పంపడం వరకు ఒకటే. రిలే హోస్ట్ లైన్లో పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి పక్కన :587 రాయండి. బ్రాకెట్లు లేకపోతే ఆ పేరుకు ఎంఎక్స్ వెతుక్కుంటూ పోతుంది. క్లయింట్ వైపు ఎస్‌ఏఎస్‌ఎల్ ఆన్, పాస్‌వర్డు ఫైలుకు 0600, తర్వాత పోస్ట్‌మ్యాప్ (ఫైలును పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే కమాండ్). టీఎల్‌ఎస్ (దారి గుప్తీకరణ) లెవల్ ఎన్‌క్రిప్ట్. రిలేవాళ్లు ఇచ్చే ఇన్‌క్లూడ్‌ను ఎస్‌పీఎఫ్‌లో చేర్చండి, కానీ మొత్తం లుకప్‌లు పది దాటకూడదు. ఇన్‌క్లూడ్ లోపలి ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కకొస్తాయి.

కొత్తపోస్ట్‌మాన్
చేత్తోనే పెడుతున్నాను (తాతగారి మాట మీద కాదు, 4 జీబీలో మొదలెట్టడానికి). రిలే దగ్గర "నో మెకానిజమ్ అవైలబుల్" అని ఆగింది. లాగ్‌లో "నో వర్తీ మెక్స్ ఫౌండ్" అని కూడా ఉంది.

టెర్మినల్‌తాత
రెండు కారణాలు, రెండూ చూడు. లిబ్‌ఎస్‌ఏఎస్‌ఎల్2 మాడ్యూల్స్ ప్యాకేజీ వేశావా? అది లేకపోతే ప్లెయిన్, లాగిన్ ఏదీ లేనట్టే. రెండోది, ఎస్‌ఎమ్‌టీపీ ఎస్‌ఏఎస్‌ఎల్ సెక్యూరిటీ ఆప్షన్స్ డిఫాల్ట్‌లో నోప్లెయిన్‌టెక్స్ట్ (పాస్‌వర్డు నేరుగా పంపొద్దని) ఉంటుంది. టీఎల్‌ఎస్ తప్పనిసరి చేశావు కాబట్టి ఉత్త నోఅనానిమస్ అని మార్చు. తర్వాత పోస్ట్‌ఫిక్స్ రీలోడ్, ఆగినవి మళ్లీ పంపడానికి పోస్ట్‌క్యూ -ఎఫ్.

డబ్బా_రాజు
చూశారుగా. కట్టలో ఆ మాడ్యూల్ ముందే ఉంటుంది.

కొత్తపోస్ట్‌మాన్
ప్యాకేజీ లేదు, వేశాను. ఆప్షన్ కూడా మార్చాను. క్యూ ఖాళీ అయింది, జీమెయిల్ ఇన్‌బాక్స్‌లోనే పడింది.

టెర్మినల్‌తాత
ఐపీవీ6 అంకె మీదికి స్వాక్స్ కొట్టావా?

కొత్తపోస్ట్‌మాన్
కొట్టాను తాతగారూ. 454.

టెర్మినల్‌తాత
దాన్ని రిజెక్ట్ చెయ్యి.