ఇంటర్ పిల్లల నిద్ర చెడగొడుతున్నది ఫోనా, టైంటేబులా?

బైపీసీ అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, డే స్కాలర్. రాత్రి "ఐదు నిమిషాలేనమ్మా" అంటూ దుప్పట్లో ఇన్‌స్టా రీల్స్ మొదలుపెడితే ఒంటిగంట. పొద్దున ఆరున్నరకి బస్సు. ఫిజిక్స్‌లో ఒకే పేరా ఎన్నిసార్లు చదివినా ఎక్కట్లేదట. ఫోన్ లాగేసుకోమంటున్నారు ఈయన. మీరేమంటారు?

ఫిజిక్స్ సార్:
లాగేసుకోండి మేడం. నా మొదటి పీరియడ్‌లో సగం క్లాసు కళ్లు తెరుచుకునే నిద్రపోతుంది. రోల్ నంబర్ పిలిస్తే పక్కవాడు గిల్లాలి. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు వద్దంటూ 2025 డిసెంబర్ 10 నుంచి చట్టమే అమలుచేస్తున్నారు.

రాత్రిబండి:
సెకండియర్ పిల్లకి పదిహేడుంటాయి సార్, ఆ చట్టం ఆమెకి వర్తించదు. నేను హాస్టల్లో చదివా. ఫోన్ ముట్టనిచ్చేవారు కాదు. మరి నిద్రపోయామా? ఐదింటికి విజిల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. మొదటి పీరియడ్‌లో మేమూ తూగాం. 13-18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ చెప్తోంది. ఆ వయసులో నిద్రమత్తు తెచ్చే మెలటొనిన్ కూడా ఆలస్యంగానే మొదలవుతుంది. తొమ్మిదిన్నరకే పడుకోమంటే పక్క మీద దొర్లడమే. రోజంతా కాలేజీకి పోగా తనకంటూ మిగిలేది ఆ గంటేగా!

ఫిజిక్స్ సార్:
టైంటేబుల్ దారుణమే, కాదనను. కానీ ఆ గంట గంటతో ఆగుతోందా? స్క్రీన్ వెలుతురు అని అందరూ భయపెడతారు గానీ, 2015లో అమెరికాలో అచ్చయిన ప్రయోగంలో పడుకునే ముందు ఈ-రీడర్‌లో చదివినవాళ్లకి, కాగితం పుస్తకం చదివినవాళ్లకంటే నిద్ర పట్టడం పది నిమిషాలే ఆలస్యమైంది. మిగతా రెండు గంటలూ తినేది రీల్సే. సీరియల్ అయితే "రేపటి భాగంలో" అని వదిలేస్తుంది. దీనికి రేపటి భాగం లేదు. చదివేటప్పుడు కూడా ఫోన్ పక్క గదిలోనే పెట్టించండి. టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2017లో అచ్చేసిన ప్రయోగంలో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్లకంటే పక్క గదిలో పెట్టినవాళ్లే బుర్రకి పెట్టిన పరీక్షలు బాగా చేశారు.

రాత్రిబండి:
తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లందరికీ ఆ ఫలితం రాలేదు సార్. అక్కా, అసలు ముందు ఇన్‌స్టాలో పుట్టిన సంవత్సరం నిజమే పెట్టిందేమో చూడండి. 18 ఏళ్లలోపు వాళ్లకిచ్చే టీన్ అకౌంట్ అయితే రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు రావు.

బైపీసీ అమ్మ:
చూశాను తమ్ముడూ, 2001 అని పెట్టింది! అంటే నా పెళ్లికి ముందే పుట్టిందన్నమాట. మార్పిస్తా. సరే సార్, పదింటికి ఫోన్ బీరువాలో పెడతాను. కానీ మర్నాటి స్లిప్ టెస్ట్ సిలబస్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో పదిన్నరకి పడుతోంది. అది చూసుకుంటానని తీసుకున్న ఫోనే ఇంక దిగదు. మీ కాలేజీలో సిలబస్ ఎన్నింటికి పెడతారు?

ఫిజిక్స్ సార్:
మాదీ అంతే మేడం. పదకొండవుతుంది ఒక్కోసారి. పెట్టేది నేనే.