సమస్య: «గడ్డి తిన్నవాడె గద్దె నెక్కె»

సీతమ్మధార మాష్టారు:
మొన్న ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వింబుల్డన్ టెన్నిస్ ఫైనల్ పెట్టుకుని కూర్చున్నాను. ఆడేది సిన్నర్, అల్కరాజ్. సరిగ్గా మూడో సెట్టులో మా వీధికి కరెంటు పోయింది. ఆ ఉక్కలో విసనకర్ర ఊపుకుంటూ కట్టిన ఆటవెలది చివరి పాదం ఇది. పై మూడు పాదాలు మీరు పూరించాలి. లంచాల గడ్డి మీద రాస్తే తీసుకోను, దాని మీద ఇప్పటికే కావలసినన్ని పద్యాలున్నాయి. వస్తువు గడ్డి కోర్టుల వింబుల్డనే కావాలి.

ఉక్కునగరం:
బోణీ నాదే మాష్టారూ.

సెర్బు దేశవాసి సెంటరు కోర్టున
జోకొవిచ్చు గెలిచి జోరుమీద
వంగి పచ్చిపరక వలపుతో నమిలెను
గడ్డి తిన్నవాడె గద్దె నెక్కె

సీతమ్మధార మాష్టారు:
గణాలు (గురులఘువుల కొలత), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో జత) సరిపోయాయి. 'పరక' మంచి మాట. అక్కడి గడ్డి ఎత్తు 8 మిల్లీమీటర్లే, మేయడానికి ఏముంటుంది? వేళ్లతో ఓ పరక తుంచుకోవాల్సిందే. పేరు మాత్రం నలిగింది. జొకోవిచ్‌లోని 'కో' దీర్ఘాన్ని లాక్కుని 'జో'కి తగిలించారు. అది సర్దుకోవచ్చు.

భీమిలి టీచరు:
అన్వయమే తిరగబడింది కదండీ. 2011లో నడాల్‌ను ఓడించి గెలిచిన తర్వాతే ఆయన గడ్డి తిన్నాడు. సమస్యేమో తిన్నవాడే ఎక్కాడంటోంది. ఇక్కడ ఎక్కినవాడు తిన్నాడు!

ఉక్కునగరం:
2011లో తిన్నాడు, 2014లో మళ్లీ ఎక్కాడు. అలా తీసుకోకూడదా?

భీమిలి టీచరు:
తీసుకోవచ్చు, కానీ ఆ మాట పద్యంలో ఉండాలి. నడుమ 2013 ఫైనల్లో ముర్రే చేతిలో ఓడాడు కూడా. తిన్న వెంటనే ఫలితం రాలేదు.

ఉక్కునగరం:
అయితే ఇలా:

మున్ను తిన్న పరక ముచ్చట తీరక
మరల వచ్చి నిలిచె మాటువేసి
ఫెడరరంతవాని వెనుకకు నెట్టుచు
గడ్డి తిన్నవాడె గద్దె నెక్కె

సీతమ్మధార మాష్టారు:
ఇదండీ పూరణంటే! 'ముచ్చట తీరక' అన్నాక తర్వాతి ఆరు టైటిళ్లకూ అదే సమర్థన సరిపోతుంది. పేరు చెప్పకుండానే ఎవరో తెలిసిపోయింది, జోకొవిచ్చు గొడవా వదిలింది.

గాజువాక కుర్రాడు:
గురువుగారూ, నాకు మొదటి పాదమే కుదరట్లేదు. 'వింబుల్డన్ మైదానంలో గడ్డి పీకి...' టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార మాష్టారు:
టెన్షన్ ఎందుకు బాబూ? 'వింబు' అనగానే రెండు గురువులు (బరువు అక్షరాలు) పడ్డాయి, పాదం మొదట రావలసిన సూర్యగణంలో అది కూర్చోదు. బేసి పాదంలో నాలుగో గణం దాకా ఆగు. అక్కడ 'వింబుల్డ' అని త గణం (రెండు గురువులు, ఒక లఘువు) వేసుకో, 'ను' తర్వాతి గణంలోకి పోతుంది. యతికి ఆ పాదం పి, వి, బి లాంటి అక్షరంతో మొదలవ్వాలి.

భీమిలి టీచరు:
నేను మనిషి చేత గడ్డి తినిపించను. ఫెడరర్ 2003లో మొదటిసారి గెలిచి స్విట్జర్లాండ్‌లో ఇంటికెళ్తే, గ్‌స్టాడ్ టోర్నీలో ఆయనకు ఓ ఆవును బహుమతిగా ఇచ్చారు. పేరు జూలియెట్.

స్విస్సు వారలొసగ చెలువార నావును
ఫెడరరొందె మిగుల వేడ్కతోడ
కొండ పచ్చికందు గోవది హాయిగ
గడ్డి తిన్న, వాడె గద్దె నెక్కె

సీతమ్మధార మాష్టారు:
ఆహా, విరుపు! 'తిన్నన్' అంటే తినగా. ఆవు తింటూ ఉండగా ఆయన 2004 నుంచి 2007 దాకా వరసగా ఎక్కుతూనే పోయాడు. ఒక్క నలుసు: 'పచ్చికయందు' అనాలి. 'కొండచరియమీద' అంటే గణమూ దక్కుతుంది, సంధి గొడవా ఉండదు.

భీమిలి టీచరు:
మార్చేశానండీ. చరియ మీద ఆవు జారిపడకుండా చూసే పూచీ మీదే.

లాసన్స్ బే:
నాది ఈ ఏటిది. అంటే 2025.

పారిసందు మట్టిపాలయ్యె సిన్నరు
మొదటి సెట్టు కూడ మునిగిపోయె
పిదప మూడు సెట్లు పిడికిట బిగియించి
గడ్డి తిన్నవాడె గద్దె నెక్కె

సీతమ్మధార మాష్టారు:
నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఫ్రెంచ్ ఓపెన్ ఎర్రమట్టి కోర్టు, అక్కడ 'మట్టిపాలు' అక్షరాలా నిజం. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి గెలిచినా టైటిలే) చేతిలో పెట్టుకుని అల్కరాజ్‌కు పోగొట్టుకున్నాడు. ఐదు వారాలకే అదే అల్కరాజ్‌ మీద 4-6, 6-4, 6-4, 6-4. గడ్డి కరవడమంటే లొంగిపోవడమని పాత వాడుక ఉండనే ఉంది.

ఉక్కునగరం:
కానీ రెండో పాదం చదివితే ఆ సెట్టు కూడా పారిస్‌లోనే పోయినట్టుంది. నిజానికి అక్కడ మొదటి రెండు సెట్లూ సిన్నరే గెలిచాడు.

సీతమ్మధార మాష్టారు:
పట్టేశారు. 'లండనందు మొదట లాగలేక' అంటే?

లాసన్స్ బే:
సెట్టు పోయినా ఊరు దొరికింది. అలాగే ఉంచండి మాష్టారూ.

గాజువాక కుర్రాడు:
సానియా మీద ఎవరూ రాయలేదేం? 2015 డబుల్స్‌లో హింగిస్‌తో కలిసి గెలిచింది కదా.

సీతమ్మధార మాష్టారు:
'తిన్నవాడె' అని నేనే తలుపు మూసేశాను బాబూ, తప్పు నాది. వచ్చే ఆదివారానికి ఇది పట్టు: «గెలిచి యేడ్చె వనిత కేలు మోడ్చి». ఈసారి మొదటి పూరణ నువ్వే పెట్టాలి, వింబుల్డన్ మాట నాలుగో గణంలో.