ఇందిరమ్మ ఇంటికి లారీ బేకర్ గోడ నడుస్తదా?

నల్గొండ_సివిల్: కేరళల లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు పేదోళ్లకు సస్తల ఇండ్లు కట్టిండు గదా, మన ఇందిరమ్మ ఇండ్లు ఎందుకట్ల కట్టరు? ఆయన కట్టిన ర్యాట్ ట్రాప్ గోడంటే ఇటుకను పండబెట్టకుండ నిలబెట్టి కడ్తరు, నడుమ బోలు ఉంటది, తొమ్మిదించుల గోడకే ఇటుకలు పావు వంతు దాక మిగుల్తయ్, పైన గిలాబు అక్కర్లే, ఎండాకాలం లోపల జర సల్లగుంటది. సర్కారు ఇచ్చే 5 లక్షలల్ల 400 చదరపు అడుగులు లేపాలంటే ఇదే దారి.

మిర్యాలగూడ_మేస్త్రి: అన్నా ఫొటోలల్ల మంచిగనే ఉంటది. మన బట్టీ ఇటుక ఒకటి లావు ఒకటి సన్నం, నిలబెడితే లైన్ తప్పుతది. మాలు బోలుల పడొద్దు, పడ్డదంటే సల్లదనం పాయె. అడ్డా మీది కూలోళ్లకు ఇదంత నేర్పే టైమ్ ఎవరికున్నది? బేస్మెంట్‌కు లక్ష పడ్డంక గోడలు లేస్తేనే రెండో బిల్లు, అప్పటిదాక ఇంటోళ్లు నా పానం తీస్తరు.

నల్గొండ_సివిల్: బట్టీ ఇటుక ఎందుకు, ఫ్లై యాష్ ఇటుక వాడు. సైజు ఒక్కతీరుగ వస్తది.

పాలమూరు_పద్మ: మీ ఇటుకల లొల్లి పక్కకు పెట్టుండ్రి. గిలాబు లేని గోడ చూస్తే మా అత్త ఒక్కటే అడుగుతది, పైసలు అయిపోయినయా అని. అదన్న ఓర్సుకుంటం గని రేపు కొడుకు పెండ్లయితే పైన రూము ఎయ్యొచ్చునా? డబుల్ బెడ్రూం ఫ్లాట్లు 560 అడుగులు ఇచ్చిండ్రు, మంచిగనే ఉన్నయ్, కని పక్కకు జరిగేది లేదు పైకి లేచేది లేదు, కుట్టుమిషన్ పెట్టుకుందామంటే హాలే దిక్కు. ఇండోర్ల బి.వి. దోషి అనే ఆర్కిటెక్టు సారు ప్లాన్ చేసిన అరణ్య కాలనీల జాగ, పునాది, బాత్రూం ఇచ్చి మిగతాది ఇంటోళ్లకే ఇడిసిపెట్టిండ్రు, ఎవలకు చాతనైనప్పుడు వాళ్లు గదులు లేపుకున్నరు. ఆర్కిటెక్టు పనంటే నేనైతే గదంటా.

దేవరకొండ_కుర్రాడు: అక్కా, పేదోళ్లకు సగం ఇల్లేనా? మిగతా సగానికి అప్పు ఎవలిస్తరు?

పాలమూరు_పద్మ: అప్పు ఇప్పుడు మాత్రం చేస్తలేరా తమ్మీ? 5 లక్షలల్ల ఇల్లు పూర్తయినోళ్లను ఒక్కర్ని చూపియ్.

నల్గొండ_సివిల్: అక్కా, ర్యాట్ ట్రాప్ గోడ పై అంతస్తు గూడ మోస్తది, పునాది దానికి తగ్గట్టు ఎయ్యాలె, మూలలల్ల బోలులకెల్లి రాడ్ దింపి కాంక్రీట్ నింపాలె. ముందే చెప్పాలె అంతే.

మిర్యాలగూడ_మేస్త్రి: సరే, ఫ్లై యాష్ తోని ఒక గది కట్టి చూపిస్తా. కని కరెంటు పైపులు యాడికెల్లి పోవాలెనో గోడ లేవకముందే గీసియ్యుండ్రి, కట్టినంక కటింగ్ కొట్టుమంటే నా తోని గాదు.